రొప్పం పక్కన కెమెరా

తెల్లారి చేనికి వెళ్లిన రైతుకు శెనక్కాయ సాళ్లలో నాలుగు బారల మేర మట్టి తిరగేసి కనిపిస్తుంది. అది అడవి పందుల పనా, ముళ్లపంది పనా? గొర్ల రొప్పం కంచె బయట తడి మట్టిలో పడిన నాలుగు వేళ్ల జాడ ఊరకుక్కదా, నక్కదా, తోడేలుదా? అనంతపురం జిల్లా యాడికి చుట్టుపక్కల పల్లెల్లో ఈ ప్రశ్నలు తాతల నాటివి. జాడ చూసి, పేడ చూసి, కుక్కల అరుపులో తేడా పట్టి గొర్ల కాపరులు జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఆ జవాబు కోసం రెండు చేతుల్లో ఇమిడే పెట్టె ఒకటి అంగట్లోకి వచ్చింది. చెట్టుకో రాటకో కట్టి వదిలేస్తే, ముందు నుంచి ఏ జీవి కదిలినా దానంతటదే ఫొటో తీస్తుంది. అమ్మేవాళ్లు దాన్ని ట్రెయిల్ కెమెరా అంటారు, అటవీశాఖ సిబ్బంది కెమెరా ట్రాప్ అంటారు. తీసిన ఫొటోను కిలోమీటరు అవతలి ఇంటికో, జేబులోని ఫోనుకో గాలిలోనే చేరవేసే రకాలు కూడా దొరుకుతున్నాయి.

మెట్ట సీమలోని పెరళ్లకు, కళ్లాలకు, కొట్టాలకు ఈ పరికరం ఎంతవరకు అక్కరకొస్తుంది? దూరం నుంచి ఫొటో పంపడం అందరికీ అవసరమేనా? ఆ ఫొటోను బట్టి ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు? యాడికి నేలను దృష్టిలో పెట్టుకుని ఈ ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి చూడటం ఇక్కడి ఉద్దేశం.

పులి నుంచి పెరటి దాకా

జంతువు తన ఫొటో తానే తీసుకునే ఏర్పాటు నూరేళ్లు దాటిన ఆలోచన. అమెరికాలో జార్జ్ షైరాస్ రాత్రిపూట తీగలు కట్టి తీసిన జింకల చిత్రాలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906లో అచ్చువేసింది. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. చాంపియన్ పులులు నడిచే దారులకు అడ్డంగా తీగ కట్టి, అడుగు తగలగానే ఫ్లాష్ వెలిగేలా చేసి ఫొటోలు తీశాడు. ఆ చిత్రాలతో ఆయన పుస్తకం 1927లో వెలువడింది. ఈ వినోదాన్ని లెక్కల శాస్త్రంగా మార్చినవాళ్లలో ముఖ్యుడు కర్ణాటకకు చెందిన ఉల్లాస్ కారంత్. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి కాబట్టి, ఒకే పులి ఎన్నిసార్లు కెమెరాకు చిక్కిందో చూసి మొత్తం ఎన్ని ఉండవచ్చో అంచనా వేసే పద్ధతిని నాగరహోళె అడవిలో ప్రయోగించి 1995లో ప్రకటించారు.

ఆ దారిలోనే దేశమంతటా పులుల గణన జరుగుతోంది. 2018 గణనలో 141 ప్రాంతాల్లో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651, చిరుతలవి 51,777. ప్రపంచంలోనే అతిపెద్ద కెమెరా ట్రాప్ సర్వేగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది. 2022 గణన ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయని తేల్చింది. ఇంత సూక్ష్మంగా లెక్క తేలుతున్నది పులి తిరిగే అడవుల్లోనే. తోడేలు విషయానికొస్తే దేశం మొత్తానికి సుమారు మూడు వేలని స్థూలంగా అంచనా వేయగలిగారు. గుంటనక్కకూ దుమ్ములగొండికీ ఆ మాత్రం వివరం కూడా కరువే. కారణం సులువుగానే అర్థమవుతుంది. అవి తిరిగేది పట్టా చేలలో, బంజర్లలో, వంకల్లో, రాతి గుట్టల మీద. అక్కడ కెమెరా కట్టే శాఖ లేదు.

తెలుగు నేల మీద కెమెరా ట్రాప్ పులుల కోసం మాత్రమే పనిచేయలేదు. యాడికికి పక్క జిల్లాలోనే అందుకు గొప్ప ఉదాహరణ ఉంది. 1848లో జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన కలివికోడి చాలాకాలం కనిపించకుండా పోయి, 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లిలో మళ్లీ బయటపడింది. పగలంతా ముళ్లపొదల్లో దాక్కుని రాత్రి తిరిగే ఆ పక్షిని టార్చి వెలుతురులో వెతకడం ఎంతో కష్టం. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలో పి. జగన్నాథన్, ఆయన సహ పరిశోధకులు వేరే మార్గం పట్టారు. పొదల నడుమ మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి అడుగుజాడలు పడేలా చేశారు, ఆటోమేటిక్ కెమెరాలూ పెట్టారు. జాడలూ ఫొటోలూ కలిసి పక్షి ఉనికిని రుజువు చేశాయి. ఆ పద్ధతిని వివరించే వ్యాసం 2002లో ఓరిక్స్ పత్రికలో వచ్చింది. మట్టిపట్టీ కాపరుల పాత విద్య, కెమెరా కొత్త విద్య. రెండూ కలిసి పనిచేసిన ఆ తీరు పెరటి పరిశీలకుడికి ఇప్పటికీ పాఠమే.

తీరంలో మరో ఉదాహరణ. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి తినే బావురుపిల్లిని పగటిపూట చూసినవాళ్లు అరుదు. 2018లో కెమెరాల సాయంతో చేసిన లెక్క అక్కడ 115 పిల్లులున్నట్టు చెప్పింది.

ఇక మనుషుల ప్రాణాలతో ముడిపడిన సందర్భాలు. 2023 జూన్‌లో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత ఒక బాలుడిని ఎత్తుకెళ్లింది, అతను బతికి బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణమే పోయింది. అటవీశాఖ దారి పొడవునా కెమెరాలు కట్టి, చిరుతలు ఎటు నుంచి ఎటు దాటుతున్నాయో చూసి బోనులు పెట్టింది. ఆ సెప్టెంబరు నాటికి ఆరు చిరుతలు చిక్కాయి. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దూకి వచ్చిన చిరుత జాడనూ ఇలాగే కెమెరాలతో పట్టుకున్నారు, మే మొదటి వారంలో అది బోనులో పడింది. ఇలాంటి చోట ఫొటో రేపు అందితే చాలదు, ఆ క్షణమే అందాలి. దూరం పంపే కెమెరాల అసలు అవసరం అక్కడ మొదలవుతుంది.

యాడికి నేల తీరు

ఎర్రమల కొండల పడమటి అంచున, తాడిపత్రికి దగ్గర్లో యాడికి ఉంది. సున్నపురాతి నేల కావడంతో ఒకవైపు సిమెంటు కర్మాగారాలు వెలిశాయి, మరోవైపు కోన ఉప్పలపాడు దగ్గర నేల కింద గుహలు ఏర్పడ్డాయి. జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ కాస్తా ఒక్కో ఏడు మొహం చాటేస్తుంది. ఇలాంటి నేలలో జీవుల కదలికలన్నీ నీటి చుట్టూ తిరుగుతాయి.

అభయారణ్యం గీత గీసినంత మాత్రాన మైదానపు జీవులు దాని లోపలే ఉండిపోవు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు, దాని విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. పక్షి మేసింది, తిరిగింది చుట్టుపక్కల మెట్ట చేలలో కూడా. ఆ చేలు నీటిపారుదలకు వచ్చి పైర్లు మారేకొద్దీ బట్టమేక తరిగిపోయింది. దీనికి ఎదురుగా నిలిచే అనుభవం చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి అక్కడి పల్లెలు ఏడు వేల ఎకరాలకు పైగా బంజరును మంటల నుంచి, గొడ్డలి నుంచి కాపాడుకున్నాయి. గడ్డి వచ్చింది, గడ్డితో పాటు జింకలూ నక్కలూ తోడేళ్లూ తిరిగాయి. అటవీ భూమి కాని నేలలో అడవి జీవులుంటాయనడానికి ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు. యాడికిలో పెరటి కెమెరా విలువ కూడా ఇక్కడే ఉంది. ఎవరూ లెక్కపెట్టని నేలలో అది మొదటి సాక్ష్యం అవుతుంది.

ఎండకు కళ్లు మూసుకునే కన్ను

కెమెరా కొనేముందు అది జంతువును ఎలా గుర్తిస్తుందో తెలుసుకోవాలి. ఈ పెట్టెల్లో చాలావాటిలో ఉండేది పాసివ్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. అది ఆకారాన్ని చూడదు. తన ముందున్న నేల వేడికీ, కదులుతున్న ఒంటి వేడికీ మధ్య తేడాను పసిగడుతుంది. చలిదేశంలో మంచు మీద నడిచే జింకకూ నేలకూ తేడా బోలెడు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన యాడికి మధ్యాహ్నం సంగతి వేరు. నక్క ఒంటి వేడి, సున్నపురాయి వేడి ఒకటైపోతాయి. నక్క కెమెరా ముందే నడిచి వెళ్లినా సెన్సర్ మిన్నకుంటుంది. అదే పూట ఎండకు కాగిన ఎండుగడ్డి గాలికి ఊగితే జంతువే అనుకుని వందలకొద్దీ ఖాళీ ఫొటోలు తీస్తుంది. ఉడుము, పాము, నక్షత్ర తాబేలు లాంటివాటి ఒళ్లు పరిసరాల వేడినే పంచుకుంటుంది కాబట్టి, వాటి విషయంలో ఈ సెన్సర్‌ను ఏ కాలంలోనూ పూర్తిగా నమ్మలేం.

కాబట్టి ఎండాకాలం పగటి ఫొటోల్లో ఏదీ లేదంటే జంతువు రాలేదని అర్థం కాదు. రాత్రి రెండో జాము దాటాక, నేల చల్లబడ్డాక దొరికే ఫొటోలే ఆ కాలంలో నమ్మదగినవి. కెమెరాను ఉత్తరం వైపు తిప్పి కట్టడం, నీడ పట్టున ఉంచడం, ముందున్న గడ్డిని రెండు మూడు మీటర్ల మేర కోసేయడం కొంత మేలు చేస్తాయి. పెట్టె లోపల చీమలు గుడ్లు పెట్టకుండా నెలకోసారి తెరిచి చూడాలి. అద్దం ముందు సాలీడు గూడు కడితే రాత్రి వెలుగు దాని మీదే పడి ఫొటో అంతా తెల్లబోతుంది.

రాత్రి వెలుగులోనూ రకాలున్నాయి. 850 నానోమీటర్ల ఎల్ఈడీలు దూరం దాకా వెలుగిస్తాయి కానీ, మసక ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. 940 నానోమీటర్లవి కంటికి కనిపించవు, బదులుగా వాటి వెలుగు అంత దూరం పోదు. పెరట్లో నాలుగైదు మీటర్ల దూరమే కాబట్టి కనిపించని రకమే నయం. దొంగ కంటా పడదు, జంతువునూ బెదరగొట్టదు.

దూరం పోవాలంటే

వైర్‌లెస్ అనే ఒక్క మాట కింద అంగట్లో నాలుగు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి.

మొదటిది బ్లూటూత్, వై-ఫై రకం. ఇది కెమెరాకు కొన్ని పదుల మీటర్ల లోపు నిలబడి ఫోనులోకి ఫొటోలు దించుకోవడానికి పనికొస్తుంది. చెట్టెక్కి కార్డు తీసే పని తప్పుతుంది, అంతవరకే. రెండోది 4జీ సిమ్ రకం. టవర్ అందేచోట ఎంత దూరమైనా ఫొటో వస్తుంది. కొనేముందు చూడాల్సింది అది మన దేశపు టెలికాం సంస్థలు వాడే బ్యాండ్లలో పనిచేస్తుందా లేదా అన్నది. విదేశంలో అక్కడి కంపెనీలకే కట్టుబడి తయారైన కెమెరా ఇక్కడ ఉత్త డబ్బా. మూడోది రెండు చివరలా యాంటెన్నాలు ఎదురెదురుగా బిగించి వై-ఫైని కిలోమీటర్లు సాగదీసే ఏర్పాటు. చేనికీ ఇంటికీ మధ్య గుట్ట అడ్డం లేకపోతే ఇది వీడియోను కూడా మోస్తుంది, కానీ రెండు చోట్లా కరెంటో సోలార్ పలకో కావాలి.

నాలుగోది తక్కువ పౌనఃపున్యం మీద నడిచే రేడియో రకం. అమెరికాలో దూరం పోయే కెమెరాల్లో ఇదొక రకం. కడ్‌బ్యాక్ సంస్థ కడ్‌లింక్ లాంటి వ్యవస్థల్లో ఒక కెమెరా తన ఫొటోను పక్క కెమెరాకు, అది ఆ పక్కదానికి అందిస్తూ చివరికి ఇంటి దగ్గరి కెమెరాకు చేరుస్తాయి. బావి దగ్గర చేదలు చేతులు మారినట్టే. ఇవి వాడేది 900 మెగాహెర్ట్జ్ పట్టీ. అమెరికాలో 902 నుంచి 928 దాకా ఎవరైనా వాడుకోవచ్చు. మన దేశంలో 890 నుంచి 915 దాకా ఉన్న పట్టీ ఫోన్ల నుంచి టవర్‌కు వెళ్లే సంకేతాలది. కాబట్టి అక్కడి పరికరాన్ని తెచ్చి ఇక్కడ మీట నొక్కితే చట్టం దాటినట్టే, ఊరి ఫోన్లకూ అడ్డు తగులుతుంది. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో తెరిచిన పట్టీ 865 నుంచి 867 మెగాహెర్ట్జ్.

ఆ పట్టీలో నడిచే లోరా అనే రేడియో పద్ధతి చిన్న బ్యాటరీతో, ఎదురుగా అడ్డం లేకపోతే కొన్ని కిలోమీటర్లు పోతుంది. అయితే దూరానికి వేగం బలి అవుతుంది. సెకనుకు అయిదు వేల బిట్లు పోయే దారిలో వంద కిలోబైట్ల ఫొటో ఒకటి, అంటే సుమారు ఎనిమిది లక్షల బిట్లు, చేరడానికి నూట అరవై సెకన్లు పడుతుంది. పందుల గుంపు చేను దున్నుతుంటే పాతిక ఫొటోలు చేరేసరికి గంట దాటుతుంది. అందుకే లోరాను ఫొటో మోయడానికి కాకుండా ‘కుంట దగ్గర ఏదో కదిలింది’ అని గంట కొట్టడానికి వాడటం తెలివైన పద్ధతి.

ఆ గంట ఇంకా తెలివిగా మోగే ఏర్పాట్లు వేరేచోట్ల నడుస్తున్నాయి. ట్రెయిల్‌గార్డ్ అనే కెమెరా లోపలే ఉన్న కృత్రిమ మేధ ఫొటోలో పులి ఉందో లేదో తేల్చి, ఉంటేనే సెల్ నెట్‌వర్క్ ద్వారా అర నిమిషంలో సిబ్బందికి పంపుతుంది. కాన్హా, పెంచ్ పులుల అడవుల మధ్య దారిలో దాన్ని పరీక్షించారు. 2024 ఫిబ్రవరిలో కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో రైలు పట్టాల పక్కన ఏనుగుల కోసం తమిళనాడు అటవీశాఖ థర్మల్ కెమెరాలతో హెచ్చరిక వ్యవస్థ పెట్టింది.

పెరటి మనిషికి ఇవన్నీ అక్కర్లేదు. యాడికి ఇంటివాళ్లకు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: కబురు ఇప్పుడే తెలియాలా, వారం తర్వాత తెలిసినా చాలా? గుట్ట పక్క రొప్పంలో గొర్లుండి, చిరుత తిరుగుతోందన్న అనుమానం ఉంటే, కోతకొచ్చిన శెనక్కాయ మీద పందులు పడుతుంటే, సిమ్ కెమెరా పెట్టిన ఖర్చు నిలుస్తుంది. మంచె మీద నిద్ర కాచే మనిషికి అది ఊరట కూడా. పెరట్లోకి ఏం వస్తోందో తెలుసుకోవాలన్నదే కోరికైతే, మెమరీ కార్డు మీద నడిచే మామూలు కెమెరా చాలు. మిగిలిన డబ్బుతో మరో రెండు కెమెరాలు కొని మరో రెండు చోట్ల కడితే తెలిసేది ఎక్కువ.

తొట్టి దగ్గర

కరువు నేలలో కెమెరాకు మంచి చోటు నీళ్ల దగ్గరే. కొట్టం వెనక ఒక లోతు తక్కువ తొట్టి, అంచున నాలుగు రాళ్లు మెట్లుగా, మోకాలి ఎత్తు కంటే కాస్త దిగువన నాలుగు మీటర్ల దూరంలో కెమెరా. రాళ్లు ఎందుకంటే, నీళ్లలో జారిన ఉడుతా తొండా పైకెక్కి బతకడానికి. నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమల పెంపకం అవుతుంది. పగలు కౌజులు, ముంగిసలు, నెమళ్లు రావచ్చు. రాత్రి కుందేలు, పునుగుపిల్లి, ముళ్లపంది, గుంటనక్క. మాంసం, కోడి వ్యర్థాలు ఎర వేయడం మాత్రం పొరపాటు. ముందు ఊరకుక్కలు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది, పెరడు వేట స్థలం అవుతుంది.

కుక్కల ఫొటోలు ఎన్నో వస్తాయి, వాటిని చెరిపేయకూడదు. ఊరకుక్కలు జింక పిల్లల్ని తరుముతాయి, వన్యమృగాలకు రోగాలు అంటిస్తాయి. పుణె దగ్గర తోడేలు, కుక్క కలిసి పుట్టిన సంకరం ఉన్నట్టు 2023లో జన్యు పరీక్షల్లో తేలింది. ఏ రాత్రి ఎన్ని కుక్కలు తిరిగాయన్నది కూడా అడవి జీవుల కథలో భాగమే.

కెమెరాతో పాటు ఒక నోటు పుస్తకం ఉండాలి. ఏ రోజు కట్టారు, ఏ రోజు తీశారు, మధ్యలో బ్యాటరీ ఎప్పుడు పోయింది, వాన పడిందా, పొరుగు చేలో ఏ పైరుంది. బ్యాటరీ మార్చినప్పుడు గడియారం మొదటికొచ్చి తేదీ తప్పుతుంది. అది గమనించకపోతే ఏడాది శ్రమ గల్లంతవుతుంది. వేల ఫొటోల్లో ఖాళీవి ఏరిపారేయడానికి మెగాడిటెక్టర్, 2025లో గూగుల్ అందరికీ తెరిచిన స్పీసీస్‌నెట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు సాయపడతాయి. పేరు తేల్చే ముందు మనిషి కన్ను మళ్లీ చూడాల్సిందే.

ఫొటో చెప్పనిది

ఒక రాత్రి ఇరవై నక్క ఫొటోలు వస్తే ఇరవై నక్కలు వచ్చినట్టు కాదు. ఒకే నక్క తొట్టి చుట్టూ తిరిగి ఉండవచ్చు. అందుకే అరగంట లోపు వచ్చిన ఒకే జాతి ఫొటోలను ఒక్క రాకగా లెక్కించడం పరిశోధకుల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. చిరుత మచ్చలు, దుమ్ములగొండి చారలు చూసి ఇది ఫలానాదే అనవచ్చు. నక్కకూ తోడేలుకూ అలాంటి గుర్తులుండవు. కాబట్టి పెరటి కెమెరా ‘ఎన్ని’ అనే ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ‘ఏవి’, ‘ఎప్పుడు’, ‘ఏ నెలలో ఎక్కువ’ అన్నవి చెప్పగలదు. చేలు కోసిన తర్వాత నక్క రాక పెరిగిందా, కుంట ఎండాక ముళ్లపంది దారి మార్చిందా అన్నవి ఏళ్ల తరబడి ఒకే చోట కట్టిన కెమెరాకు దొరికే జవాబులు. ఒక పంచాయతీలో పది ఇళ్లవాళ్లు ఒకే పద్ధతిలో కడితే ఆ జవాబులకు బలం వస్తుంది. టాంజానియాలోని సెరెంగెటిలో 225 కెమెరాల ఫొటోలను ప్రపంచమంతటి నుంచి వేలాది మామూలు మనుషులు ఇంటి దగ్గర కూర్చుని గుర్తించారు. తెలుగు పల్లెల్లో కూడా ఆ పని సాధ్యమే. నక్కకూ గుంటనక్కకూ తేడా చెప్పగల కళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నాయి.

ఎవరిని చూస్తోంది?

కెమెరాకు జంతువూ మనిషీ ఒకటే. చేల గట్లు, వంక ఒడ్లు చాలాచోట్ల ఇప్పటికీ ఆడవాళ్లు వంటచెరకుకు, బహిర్భూమికి వెళ్లే దారులు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ ప్రాంతంలో జంతువుల కోసం పెట్టిన కెమెరాలు, డ్రోన్లు ఆడవాళ్ల స్వేచ్ఛను ఎలా హరించాయో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడి అధ్యయనం 2024లో బయటపెట్టింది. ఒక మహిళ ఫొటో ఊళ్లో చేతులు మారింది, కోపంతో జనం కెమెరాలు పగలగొట్టారు. పెరటి పరిశీలకుడు కెమెరాను తన ఆవరణ లోపలికే తిప్పాలి. నలుగురు నడిచే దారి వైపు పెట్టకూడదు. మనిషి ఫొటో పడితే ఎవరికీ చూపకుండా వెంటనే చెరిపేయాలి. కట్టే ముందే చుట్టుపక్కలవాళ్లకు, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లకు చెప్పాలి.

రెండో ప్రమాదం వేటగాడు. పొలుసుల కోసం అలుగును ఎలా వేటాడుతున్నారో తెలిసినవాళ్లు దాని ఫొటోను చోటు పేరుతో వాట్సాప్‌లో పెట్టరు. ఐనాచురలిస్ట్ లాంటి వేదికలు ముప్పున్న జాతుల చోటును దాచి చూపిస్తాయి. అలుగు, తోడేలు పిల్లలున్న గుంత, చిరుత లాంటివి పడితే ముందు అటవీశాఖకు చెప్పడం మేలు. సొంత పెరట్లో కెమెరా కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అభయారణ్యంలోకి ఫొటోల కోసం వెళ్లాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. రిజర్వు అడవిలోనూ అడగకుండా కట్టకూడదు.

యాడికిలో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు జనవరి, ఫిబ్రవరి మంచి అదను. కళ్లాలు ఖాళీ అవుతాయి, రాత్రులు చల్లగా ఉంటాయి, సెన్సర్ సరిగ్గా పనిచేస్తుంది. కుంటలు ఇంకా పూర్తిగా ఎండకముందే తొట్టి నింపి కెమెరా కడితే, నీళ్లు తరిగేకొద్దీ ఎవరు ముందు వస్తారో, ఎవరు అర్ధరాత్రి దాటాక వస్తారో నెలనెలా పుస్తకంలో పడుతుంది. జూన్‌లో మొదటి వాన కురిసి వంకలు పారిన మరునాడు తొట్టి దగ్గరికి రావడం మానేసిన జీవుల జాబితాను, శెనక్కాయ మొలిచాక చేనిలో మట్టి తిరగేసినవాళ్ల జాబితాతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆ రాత్రి చేను తవ్వింది పందా, ముళ్లపందా అన్న ప్రశ్నకు అప్పటికి జవాబు కార్డులో ఉంటుంది.